పెన్సిల్ చప్పుడు తర్వాత

ఐదో తరగతి గది,
జూన్ 12

ఆడపడుచు గారి సమక్షానికి,

ఇక్కడ మీ అన్నయ్య బాగున్నాడు, ఇల్లు బాగుంది, నా గొంతు ఒక్కటే బాగాలేదు. రెండు నెలలుగా బొంగురుపోతుంటే జలుబేమోనని వేడినీళ్లు పుక్కిలిస్తూ కూర్చున్నాను. మొన్న డాక్టరు ముక్కులోంచి సన్నటి గొట్టం పంపి చూసి, స్వరతంత్రుల మీద రెండు బుడిపెలున్నాయి, తీసెయ్యాలి అన్నాడు. ఈ నెల ఇరవై ఆరున ఆపరేషన్. ఆ తర్వాత ఆరు వారాలు ఒక్క మాట మాట్లాడకూడదు. గుసగుసలు కూడా పనికిరావట. ఇరవై రెండేళ్లుగా నోటితోనే బతుకుతున్నదాన్ని. ఈ వార్త విని మీ అన్నయ్య సంతోషం దాచుకోలేక పెరట్లోకి వెళ్లిపోయాడు.

ప్రిన్సిపాల్ గారు సెలవు పెట్టుకోమన్నారు. నేను ఒప్పుకోలేదు. బడి తెరిచేలోగా నాకు పది రోజులుంది. క్లాసులో పెద్ద తెర ఒకటి పెట్టారని చెప్పాను కదా. దాని మీద నేను రాసేదీ, చెప్పేదీ కలిపి రికార్డు చేసుకునే వీలుంది. లెక్కల పాఠాలు పద్దెనిమిది రికార్డు చేసి పెట్టుకుంటే, నా నోరు మూతపడినా పిల్లల పాఠం ఆగదు.

అందుకని రోజూ పొద్దున్నే వచ్చి ఖాళీ బెంచీలకి పాఠం చెబుతున్నాను. ఎవరైనా చూస్తే పిచ్చిదనుకుంటారు. కానీ పోయినేడు నాలుగులో వీళ్లకి చెప్పింది నేనే, ఎవరెక్కడ కూర్చుంటారో కళ్లకి కట్టినట్టు ఉంది. మూడో బెంచీలో లాయరు ఉంటాడు. ఏం చెప్పినా ‘అలా ఎందుకు టీచర్’ అని లేస్తాడు. గోడ వైపు కిటికీ ఉంటుంది. అంటే కిటికీ పక్కన కూర్చునే పిల్ల, మేమంతా ఆ పిల్లని కిటికీ అనే పిలుస్తాం. ఏదడిగినా ముందు బయటికి చూస్తుంది, జవాబు చెట్లలో ఎక్కడో రాసిపెట్టినట్టు. చాలాసేపటికి చెబుతుంది, కానీ చెబుతుంది.

మొదటి ఆరు పాఠాలు ఈ మెమరీ కార్డులో పెట్టాను. మిగతావి వెనకే వస్తాయి. మా స్కూలు ఇంటర్నెట్ సంగతి నీకు తెలుసు, ఒక పాఠం ఎక్కించేలోగా నాకు రిటైర్మెంట్ వచ్చేస్తుంది. ఫ్యాను రొదా, నా దగ్గులూ తీసేసి శుభ్రం చేసి పంపు. నీ పని నీకు నేను చెప్పక్కర్లేదు.

ఇక నుంచి ఉత్తరాలే. ఫోన్లో బొటనవేలితో నాలుగు ముక్కలు కొట్టి పంపితే నాకు మాట్లాడినట్టు ఉండదు. ఎలాగూ కార్డు పోస్టులో రావాలి, దాని పక్కన ఒక కాగితం బరువేం కాదు.

నీ వదిన


స్టూడియో, రెండో అంతస్తు,
జూలై 3

వదినా,

ఆపరేషన్ బాగా జరిగిందనీ, నువ్వు కళ్లతోనే తిట్టడం నేర్చుకున్నావనీ అన్నయ్య ఫోన్లో చెప్పాడు. పద్దెనిమిది పాఠాలూ ఈ పార్సిల్లో ఉన్నాయి. వారం రోజులు ఆఫీసు పని పక్కన పెట్టి మరీ చేశాను, మెచ్చుకో.

నా పని ఎలాంటిదో నువ్వెప్పుడూ చూడలేదు. ఎవరో చదివిన వార్తలూ, ప్రకటనలూ నా కంప్యూటర్‌కి వస్తాయి. గొంతు తెర మీద ఒక గీతలా కనిపిస్తుంది. మాట ఉన్నచోట గుబురుగా, లేనిచోట సన్నగా. చెవులకి హెడ్‌ఫోన్స్ తగిలించుకుని, బియ్యంలో రాళ్లు ఏరినట్టు దగ్గులూ, తడబాట్లూ, ఖాళీలూ ఏరి పారేస్తాను. ఇప్పుడు నీ పాఠం వింటే నీకే ముచ్చటేస్తుంది. ఫ్యాను లేదు, దగ్గు లేదు, వీధిలో హారన్లు లేవు. నలభై ఒక్క నిమిషాల భిన్నాల పాఠం ఇరవై నాలుగు నిమిషాలకి దిగింది.

అసలు నువ్వు ఒక ప్రశ్న అడిగి ఎంతసేపు ఊరుకుంటావో తెలుసా? ఒకచోట ఇరవై రెండు సెకన్లు. మా దగ్గర రెండు సెకన్లు ఖాళీ వస్తే ఏదో పాడైందని జనం ఛానల్ మార్చేస్తారు. ఎవరూ లేని గదిలో ఎవరి కోసమమ్మా ఆగావు? ఆ ఖాళీలన్నీ, మధ్యలో నువ్వు పెన్సిల్‌తో బల్ల మీద కొట్టే టకటకలతో సహా తీసేశాను.

ఒక్క సంగతి అడగాలి. మొదటి పాఠాల్లో నీ గీత నిండుగా ఉంది. చివరి నాలుగింటిలో వాక్యం సగానికి వచ్చేసరికి సన్నబడిపోతోంది. వినేవాళ్లకి తెలియకుండా అక్కడ కాస్త పెంచాను. కానీ నాకు కనిపించింది కదా. డాక్టరు నీకు ఇంకేమైనా చెప్పాడా? అన్నయ్యనడిగితే ‘అంతా మామూలే’ అంటున్నాడు. అన్నయ్యకి నువ్వు ఎంత చెబితే అంతే తెలుస్తుంది.

నీ ఆడపడుచు


స్టాఫ్ రూము,
జూలై 19

అమ్మాయ్,

పాఠాలు అందాయి. వారం నుంచి క్లాసులో నడుస్తున్నాయి. ఎంత కష్టపడ్డావో తెలుస్తూనే ఉంది. నా గొంతు అంత బాగుంటుందని నాకే తెలియదు.

ఇంట్లో నాకొక పలక కొన్నాడు మీ అన్నయ్య. నేను దాని మీద తిట్టు రాసి చూపించేలోగా కళ్లజోడు తీసేస్తాడు. పెళ్లయిన పద్దెనిమిదేళ్లలో ఇంత ప్రశాంతంగా ఎప్పుడూ లేనని పక్కింటివాళ్లకి చెబుతున్నాడట.

మొదటి రోజు క్లాసులో తమాషాగా అయింది. తెరలోంచి నా గొంతు వస్తుంటే, నేను పక్కన నోరు మూసుకుని నిలబడ్డాను. పిల్లలు నన్నూ తెరనీ మార్చి మార్చి చూశారు. లాయరు లేచి, సందేహం వస్తే మిమ్మల్నడగాలా, దాన్నడగాలా టీచర్ అన్నాడు. అందరూ నవ్వారు. నాకూ నవ్వొచ్చింది, కానీ చప్పుడు లేకుండా నవ్వడం ఎంత కష్టమో అప్పుడే తెలిసింది.

ప్రిన్సిపాల్ గారు గుమ్మంలో నిలబడి పాఠమంతా చూశారు. పిల్లలు ఇంత నిశ్శబ్దంగా కూర్చోవడం ఆవిడెప్పుడూ చూడలేదట. ఇరవై నాలుగు నిమిషాల్లో పాఠం అయిపోతే మిగతా టైములో మళ్లీ ఇంకోసారి వేసుకోవచ్చు కదా అన్నారు. చాలా సంతోషించారు.

నాకు మాత్రం మనసులో ఏదో తేడాగా ఉంది. మూడో వంతు పెద్దదా, నాలుగో వంతు పెద్దదా అని నా గొంతు అడుగుతుంది. లాయరు నోరు తెరుస్తాడు. ఈలోగా నా గొంతే జవాబు చెప్పేస్తుంది. ఆ ప్రశ్నకి ఏటా సగం మంది నాలుగో వంతు అని అరుస్తారు, మూడు కన్నా నాలుగు పెద్దది కదా అని. ఆ అరుపు నాకు కావాలి. తప్పు బయటికి వస్తేనే దాన్ని పట్టుకుని లాగగలను. ఇప్పుడు ఎవరూ తప్పు చెప్పడం లేదు. చెప్పడానికి టైమే లేదు.

కిటికీ అలవాటుగా బయటికి చూసింది. తిరిగి తలతిప్పేసరికి తెర మూడో ప్రశ్నకి వెళ్లిపోయింది. నాలుగు రోజులు అలాగే జరిగింది. ఇప్పుడు ఆ పిల్ల బయటికి చూడటం మానేసింది. అందరికంటే బుద్ధిగా తెరకేసి చూస్తోంది. నాకు అదే భయంగా ఉంది.

ఫ్యాను రొద ఉన్నా ఫర్వాలేదు, నేను పంపిన అసలు రికార్డులు తిరిగి పంపు. కార్డులు నీకే పంపేశాను, నేను కాపీ ఉంచుకోలేదు.

నీ వదిన


స్టూడియో,
జూలై 27

వదినా,

నీ ఉత్తరం అందింది. ఆఫీసులో ఊపిరాడటం లేదు, ఒకేసారి మూడు పనులు నెత్తిన పడ్డాయి. అసలు రికార్డులు ఎక్కడున్నాయో వెతకాలి. పాత కంప్యూటర్ మార్చారు, అందులో ఉండొచ్చు. దొరకగానే పంపుతాను.

పిల్లలకి కొత్త కదా, రెండు వారాలు పోతే అలవాటు పడతారేమో చూడు. మా ఆఫీసులో పిల్లల పాఠాలు చేసేవాళ్లు కూడా ఇలాగే బిగువుగా ఉండాలంటారు.

డాక్టరు ఏం చెప్పాడన్న నా ప్రశ్నకి నువ్వు జవాబు రాయలేదు.

నీ ఆడపడుచు


ఇల్లు, వంటగది బల్ల,
ఆగస్టు 22

ఆడపడుచుకి,

ఇవాళ కోపంగా రాస్తున్నాను, ముందే చెబుతున్నాను.

అసలు రికార్డుల కోసం నెల రోజులుగా చూస్తున్నాను. వెతుకుతానన్నావు. నీళ్లు నమిలావని నాకు అప్పుడే అర్థమైంది. నువ్వు చిన్నప్పుడు కూడా గాజు గ్లాసు పగలగొట్టి, ‘గ్లాసు ఎక్కడుందో వెతుకుతాను వదినా’ అనేదానివి.

ఈ వారం పరీక్ష పెట్టాను. ముప్పై ఒక్కమందిలో పంతొమ్మిది మంది నాలుగో వంతే పెద్దదని రాశారు. నా గొంతు రెండుసార్లు, మూడుసార్లు జవాబు చెప్పాక కూడా. కిటికీ పేపరు మీద తన పేరు తప్ప ఏమీ లేదు. పేపరంతా ఖాళీగా ఇచ్చింది. పోయినేడు ఆ పిల్ల ఆలస్యంగానైనా ప్రతి లెక్కా చేసేది. నేను పక్కన కూర్చుని ఏమైందని కాగితం మీద రాశాను. తను కింద చిన్న అక్షరాలతో, నేను ఆలోచించే లోపల అయిపోతోంది టీచర్, అని రాసింది.

ప్రిన్సిపాల్ గారు మార్కులు చూశారు. పాఠాల్లో లోపం ఉందనుకోలేదు. ఇంకా ఎక్కువసార్లు చూపించాలి అన్నారు. అక్టోబర్ సెలవుల తర్వాత ఐదో తరగతి మూడు సెక్షన్లనీ పెద్ద హాల్లో కూర్చోబెట్టి నా పాఠాలు వేస్తారట. కంప్యూటర్ సార్ వచ్చి మొదలుపెట్టి వెళితే చాలట. నన్ను ఆఫీసులో మార్కులు ఎక్కించే సెక్షన్‌కి మారుస్తామన్నారు. అక్కడ నోరు తెరిచే పని లేదు, మీ గొంతుకి విశ్రాంతి అన్నారు. ఆవిడ చెడ్డ మనిషి కాదు. నా మంచికే చెబుతున్నానని నమ్ముతున్నారు.

ఇంతకీ నువ్వు చేసిన పాఠాలు అంత బాగున్నాయి. నేను లేకపోయినా సరిపోయేంత బాగున్నాయి.

ఇక నువ్వు అడిగింది. ఆపరేషన్‌కి ముందే డాక్టరు చెప్పాడు. గొంతు రావచ్చు, కానీ పాతదిలా రాకపోవచ్చు, క్లాసుకి సరిపోయేంత రాకపోనూవచ్చు అని. ఆరు వారాలయ్యాక మొన్న చూసి, ఇంకా మానలేదు, మరో ఆరు వారాలు అన్నాడు. మీ అన్నయ్యకి ఇవేవీ చెప్పలేదు. నువ్వూ చెప్పకు. ఆయన సరదాగా ఉంటే నాకు కాస్త ధైర్యంగా ఉంటుంది.

గొంతు పోతే పలకతో బతుకుతాను. క్లాసు పోతే ఏం చెయ్యాలో నాకు తెలియడం లేదు. ఇది ఎవరికీ చెప్పుకోలేక నీకు రాస్తున్నాను, నీ మీద కోపంగా ఉన్నా సరే.

వదిన


ఇల్లు,
ఆగస్టు 29

వదినా,

నీ ఉత్తరం నాలుగుసార్లు చదివాను. అసలు రికార్డులు లేవు. కార్డుల్లోవీ, కంప్యూటర్లోవీ జూలై మొదట్లోనే చెరిపేశాను. పని అయ్యాక అసలు ఫైళ్లు తీసెయ్యడం మా ఆఫీసు అలవాటు, చేతికి వచ్చేసింది, చూసుకోకుండా చేసేశాను. నువ్వు అడిగిన రోజు చెప్పడానికి భయమేసింది. గ్లాసు సంగతి నువ్వు సరిగ్గానే పట్టుకున్నావు.

ఇంతకంటే సిగ్గుపడే సంగతి ఇంకొకటుంది. నువ్వు మా ఇంటికి కొత్తగా వచ్చినప్పుడు నేను పదో తరగతి. లెక్కల్లో రెండుసార్లు తప్పాను. నాన్న ఇక చదువు మానెయ్యమన్నాడు. నువ్వు రోజూ సాయంత్రం వంటగది బల్ల దగ్గర నన్ను కూర్చోబెట్టి, ఒక లెక్క అడిగి, పెన్సిల్‌తో బల్ల మీద రెండుసార్లు కొట్టి ఊరుకునేదానివి. నేను నీ మొహంలోకి చూసేదాన్ని, చెప్పేస్తావేమోనని. నువ్వు చెప్పేదానివి కాదు. తిట్టేదానివీ కాదు. పొయ్యి మీద పాలు పొంగినా లేచేదానివి కాదు. అంతసేపు నా కోసం ఆగిన మనిషి అప్పటిదాకా ఎవరూ లేరు. ఆ ఆగడం వల్లే నేను పాసయ్యాను, ఆ పాసవడం వల్లే ఈ ఉద్యోగంలో ఉన్నాను. ఆ ఉద్యోగంలో కూర్చుని, ఆ పెన్సిల్ చప్పుడు చెవులారా వింటూ, అది ఏమిటో గుర్తుపట్టకుండా కత్తిరించి పారేశాను.

ఏడ్చాను. ఏడిస్తే నీ పాఠాలు తిరిగి రావు కాబట్టి, ఏం చెయ్యొచ్చో ఆలోచించాను. కోసిన చోట్ల మళ్లీ ఖాళీలు అతికిస్తాను. ఎక్కడ ఎంతసేపు ఆగాలో నువ్వు చెప్పు. వాచీ పెట్టుకుని కొలిచి, ప్రశ్న పక్కన సెకన్లు రాసి పంపు. ఎన్ని వందలైనా సరే, కూర్చుని చేస్తాను.

అన్నయ్యకి నేను చెప్పను. కానీ నువ్వు చెప్పాలి వదినా. నువ్వు మాట్లాడలేని ఇంట్లో, అన్నయ్య జోకులన్నీ ఎవరి కోసం వేస్తున్నాడో ఒకసారి ఆలోచించు.

నీ ఆడపడుచు


ఐదో తరగతి గది,
సెప్టెంబర్ 14

అమ్మాయ్,

కోపం పోయింది. సగం తప్పు నాది. శుభ్రం చేసి పంపు, నీ పని నీకు చెప్పక్కర్లేదు అని రాసింది నేనే. ఇరవై రెండేళ్లుగా చేస్తున్న పనిలో ఏది ముఖ్యమో నాకూ అది పోయాకే తెలిసింది. అంతకుముందు ఎవరైనా అడిగుంటే, నేను బాగా మాట్లాడతాను, అందుకే మంచి టీచర్ని అని చెప్పేదాన్ని.

మీ అన్నయ్యకి చెబుదామని పలక తీశాను. డాక్టరు చెప్పినదంతా రాయడం మొదలుపెట్టి, రెండు లైన్లు అయ్యేసరికి ఆయన నా చేతిలోంచి బలపం తీసుకుని, కింద ‘తెలుసు’ అని రాశాడు. ఆపరేషన్ రోజే డాక్టర్ని వరండాలో పట్టుకుని అడిగాడట. మూడు నెలలుగా ఇద్దరం ఒకరికి తెలియకుండా ఒకరం ధైర్యం చెప్పుకుంటున్నామన్నమాట.

ఇక కొలతలు. నీ పాఠం వేస్తూ మధ్యలో ఆపుదామని చూశాను. కుదరలేదు. ప్రశ్న తోక పట్టుకునేలోగా జవాబు తల బయటపెట్టేస్తోంది. అందుకని పాఠం పక్కన పెట్టి, ఒక్కో ప్రశ్నా కీబోర్డుతో తెర మీద టైపు చేసి, వాచీ చూస్తూ కూర్చున్నాను. పది రోజులు కొలిచాను. ఆ కాగితం దీనితో పంపడం లేదు, ఎందుకంటే అది పనికిరాదు.

మూడో వంతు, నాలుగో వంతు ప్రశ్నకి మా సెక్షన్ సోమవారం పదకొండు సెకన్లు తీసుకుంది. పక్క సెక్షన్ ముప్పై రెండు. అలాంటిదే ఇంకో ప్రశ్న గురువారం ఆటల పీరియడ్ తర్వాత అడిగితే మా వాళ్లే నలభై తీసుకున్నారు. వాన పడిన రోజు ఎవరూ ఏమీ చెప్పలేదు, అందరూ కిటికీ లాగే బయటికి చూశారు. ఎన్ని సెకన్లని రాయను? నువ్వు పన్నెండు పెడితే ఒకళ్లకి తక్కువ, ఇంకొకళ్లకి ఎక్కువ.

అందుకని ఖాళీ పెట్టొద్దు. ప్రశ్న అయిన చోట పాఠాన్ని పూర్తిగా ఆపెయ్యి. తెర మీద ప్రశ్న అలాగే ఉండాలి. ఎవరో ఒకరు బొత్తాం నొక్కితే తప్ప ముందుకి కదలకూడదు. నొక్కేదాకా ఎంతసేపైనా సరే. అలా చెయ్యగలవా?

సెలవులకి ఇంకా నాలుగు వారాలే ఉంది.

నీ వదిన


స్టూడియో,
సెప్టెంబర్ 28

వదినా,

చెయ్యగలను. చేశాను కూడా. కొత్త కార్డు ఇదిగో. పద్దెనిమిది పాఠాల్లో రెండు వందల పద్నాలుగు చోట్ల ఆగుతుంది. స్పేస్ బార్ నొక్కితే కదులుతుంది.

ఎక్కడెక్కడ ఆపాలో ఎలా తెలిసిందంటావేమో. కోసేటప్పుడు నేను మరీ అంత నేర్పుగా ఏం కొయ్యలేదు. పెన్సిల్ రెండు దెబ్బల్లో రెండోదే పోయింది, మొదటిది చాలాచోట్ల ప్రశ్న చివరి అక్షరానికి అంటుకుని మిగిలిపోయింది. తెర మీద చూస్తే చిన్న ముల్లులా కనిపిస్తుంది. ఆ ముల్లు ఉన్న ప్రతిచోటా పాఠాన్ని ఆపాను. ముల్లు కూడా పోయిన చోట్ల, నీ గొంతు ప్రశ్నలో పైకి లేచే తీరు చూసి ఆపాను. అది నాకు బాగా తెలిసిన గొంతు.

ఆ ఒక్క టక్కునీ మాత్రం ఈసారి తియ్యలేదు. ప్రతి ప్రశ్న తర్వాతా అది వినిపించి ఆగుతుంది.

చివరి నాలుగు పాఠాల్లో నేను పెంచిన గొంతుని కూడా మళ్లీ మామూలుగా ఉంచాను. ఎలా ఉన్నది అలాగే ఉండనీ.

దీన్ని ప్రిన్సిపాల్ గారికి చూపించు. మూడు సెక్షన్లూ ఒకే హాల్లో ఉంటే ఎవరి కోసం ఆగాలో ఎవరికీ తెలియదని చెప్పు. చెప్పడం కాదు, రాయి. నాకు ఇక్కడ పని మీద ధ్యాస నిలవడం లేదు. ఏం జరిగిందో వెంటనే రాయి.

నీ ఆడపడుచు


ఇల్లు, వంటగది బల్ల,
అక్టోబర్ 10

నా తల్లీ,

ఒక పీరియడ్ మా క్లాసులో కూర్చోమని ప్రిన్సిపాల్ గారికి ఉత్తరం రాసి ఇచ్చాను. నిన్న వచ్చారు. ఎవరైనా నడపగలిగేలా ఉందో లేదో తానే చూస్తానని ల్యాప్‌టాప్ ముందు కూర్చున్నారు. భిన్నాల పాఠమే వెయ్యమన్నాను, పరీక్షలో అందరూ తప్పింది అదే కాబట్టి. నేను పక్కన నిలబడ్డాను.

మూడో వంతు పెద్దదా, నాలుగో వంతు పెద్దదా? టక్. పాఠం ఆగింది.

గదిలో చప్పుడు లేదు. ఐదారు సెకన్లకే ఆవిడ వేలు బొత్తాం మీదికి వెళ్లింది. నేను క్లాసులో నోరు తెరవడం లేదు కదా. ఆవిడ చేతి మీద నా చెయ్యి పెట్టాను. పెద్దావిడ, పై అధికారి, అయినా పెట్టాను. ఆవిడ నాకేసి విసుగ్గా చూశారు. నేను చెయ్యి తియ్యలేదు. లాయరు అప్పటికే కూర్చోలేక, నిలబడలేక మెలికలు తిరుగుతున్నాడు. నేను వాడికేసి చూసి తల అడ్డంగా ఊపాను. కిటికీ తెరకేసి చూసింది. తర్వాత, జూలై నుంచి మొదటిసారి, జవాబు కోసం బయటికి చూసింది.

ఎంతసేపైందో నేను కొలవలేదు. ఆ పిల్ల లేచి, నాలుగో వంతు, అంది. జవాబుని జూలైలో అదే తెరలోంచి మూడుసార్లు విన్న పిల్ల. ప్రిన్సిపాల్ గారు బొత్తాం నొక్కబోయారు. నేను ఇంకా గట్టిగా పట్టుకున్నాను. కిటికీ కూర్చోలేదు. తన నోటు పుస్తకంలోంచి ఒక కాగితం చింపి మడత పెట్టింది, విప్పింది, ఇంకోలా మడత పెట్టింది. క్లాసంతా ఆ కాగితాన్నే చూసింది.

“కాదు టీచర్. నలుగురు పంచుకుంటే నా ముక్క చిన్నదైపోతుంది. ముగ్గురే ఉంటే పెద్దది.”

అప్పుడు నేను చెయ్యి తీశాను. ప్రిన్సిపాల్ గారు మాత్రం బొత్తాం నొక్కలేదు. ఇక నొక్కే అవసరం లేదు. లాయరు ‘అలా ఎందుకు’ అన్నాడు, కిటికీ వాడి బెంచీ దగ్గరికి వెళ్లి కాగితం మడిచి చూపించింది. తర్వాత పది నిమిషాలు తెర అలా ఆగే ఉంది, పాఠం మాత్రం నడిచింది.

గంట కొట్టాక ఆవిడ నాకేసి తిరిగారు. ఎప్పుడు నొక్కాలో మీకెలా తెలుస్తుంది అని అడిగారు. నేను పలక మీద ‘వాళ్ల మొహాలు చూసి’ అని రాశాను. ఆవిడ దాన్ని చదివి, పలక నా చేతికి తిరిగి ఇచ్చారు.

“హాలు వద్దులెండి. మూడు సెక్షన్లకీ విడివిడిగా మీరే కూర్చోండి. మార్కుల సెక్షన్‌కి ఇంకెవర్నైనా చూస్తాను.”

అంతే అని వెళ్లిపోయారు. నేను గదిలో ఒక్కదాన్నే ఉండి ఏడ్చాను. చప్పుడు లేకుండా ఏడవడం కూడా వచ్చేసింది నాకు.

ఇంకొకటి నీకు చెప్పలేదు. ఐదు రోజుల కిందట డాక్టరు మళ్లీ చూసి, రోజుకి ఐదు నిమిషాలు మాట్లాడమన్నాడు. ఆయన గదిలోనే మొదటిసారి నోరు తెరిచాను. వచ్చింది నా గొంతు కాదు. ఎవరో పెద్దావిడది, సన్నగా, గరుకుగా, చివర్లో గాలి. ఇక పెరుగుతుందో ఇంతేనో ఆయనకీ తెలియదట. మీ అన్నయ్య విని చాలా బాగుంది అన్నాడు. ఆయన మాట నమ్మలేను, నేను మాడబెట్టిన కూర కూడా ఎప్పుడూ బాగుందనే అంటాడు. క్లాసులో ఇంకా నోరు తెరవలేదు. రోజూ తెరలోంచి పాత గొంతు వింటున్న పిల్లల ముందు దీన్ని బయటపెట్టాలంటే నాకు భయంగా ఉంది.

నిజం చెప్పగలిగేది నువ్వే. నా పాత గొంతు నీ దగ్గర గీతలు గీతలుగా ఉంది. ఇది దానికి ఎంత దూరంలో ఉందో, ముప్పై ఒక్కమంది ఉన్న గదికి సరిపోతుందో లేదో నీకే తెలుస్తుంది.

ఆదివారం సాయంత్రం ఐదింటికి ఫోన్ చేస్తాను. నువ్వు ఎత్తాక నేను వెంటనే మాట్లాడలేకపోవచ్చు. ఎంతసేపో నాకూ తెలియదు. హలో హలో అని అరవకు, లైను పోయిందనుకుని పెట్టెయ్యకు. పెన్సిల్ చప్పుడు వినిపిస్తే నేను ఉన్నానని తెలుసుకుని, నా కోసం ఆగు.

నీ వదిన